కూలికి దంచిన పొడుం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చెవి ఇటు పెట్టండి. నెత్తుటి సంగతి ఒకటి చెబుతాను.

గజపతినగరంలో మాది ముక్కుపొడుం దుకాణం. నేను ఆ ఇంటి కోడలిగా వచ్చేసరికి పెద్ద యుద్ధం నడుస్తోంది. బోర్డూ, డబ్బాలూ, పొడుమూ అన్నీ విజయనగరం షావుకారువి. అమ్మిపెట్టడం మా మామగారి పని. తన సరుకు అమ్మడం మానేస్తే రెండేళ్లదాకా మా ఇంట్లోవాళ్లెవరూ ఆ ఊళ్లో పొడుం అమ్మకూడదని షావుకారు స్టాంపు కాగితం రాయించుకున్నాడు.

యుద్ధం ముదిరాక పొడుంలో ఇటుకపొడి కలపడం మొదలుపెట్టాడు. ఒక ముసలాయన ముక్కువెంట నెత్తురు కార్చుకుంటూ వచ్చి, డబ్బా మామగారి మొహాన కొట్టాడు. ఆ రోజే మామగారు బోర్డు దించి బండిలో పంపేశారు.

మరి తిండి? దారి మా అత్తగారు చెప్పింది.

"అమ్మొద్దన్నాడు గానీ దంచొద్దన్నాడేటి? వడ్లు దంచితే కూలి ఇవ్వరా? పొగాకు ఆళ్లే తెచ్చుకుంతారు. మనం దంచి ఇచ్చేద్దాం."

రైతులు ఆకు తెచ్చేవారు. మేం వేయించి, సున్నం, నెయ్యి కలిపి దంచేవాళ్లం. కూలికి వడ్లు కొలిచేవారు. షావుకారు ఇంకొకరిచేత పెట్టించిన దుకాణానికి బేరం లేదు. ఆ మంట మామీదికి వస్తుందని మాకు తట్టనేలేదు.

సంతనాడు నలుగురు కర్రలతో వచ్చారు.

"ఒరే ముసిలోడా, సంతకం ఎట్టినప్పుడు కళ్లు నేవేటి?" అన్నాడు మీసాలవాడు.

"దంచుతన్నాను బాబూ, అమ్మడం నేదు."

"అయితే దంచే సెయ్యే నేకుండా సేస్తాను."

మామగారి కుడిచెయ్యి రోటి అంచున అదిమిపెట్టి కర్రతో మోదాడు. ఎముక విరిగిన చప్పుడు పొయ్యి దగ్గరున్న నాకు వినిపించింది. అత్తగారు రోకలెత్తి వాడి మోకాలిమీద వేసింది. వాడు కూలబడ్డాడు. ఇంకొకడు ఆమెను జుట్టుపట్టి ఈడ్చాడు. నేను కుండెత్తి, వేగుతున్న పొగాకు వాడి వీపున కుమ్మరించాను. వాడు పెట్టిన కేక సంతంతా విన్నది.

మిగతా ఇద్దరూ అరుగుమీది పొగాకు మూటల్ని మురుగుకాలవలోకి తన్నారు. అవి మావి కావు. ఆ మూటలవాళ్లు కేక విని అప్పటికే పరిగెత్తుకొస్తున్నారు.

"మావా, సూడు, నీ మూట కూడా కాలవలోనే ఉన్నాది!"

"మా సరుకుమీద కాలేత్తావేట్రా? నీ షావుకారు అబ్బ పండించాడేటి?"

ముల్లుకర్రలతో కుమ్మేశారు. పళ్లు రాలాయి. ఒకడి చెవి తెగి వేలాడింది. నలుగురినీ ఈడ్చి బండిలో పడేశాక ఒక రైతు అన్నాడు:

"మీ షావుకారికి సెప్పండి. కాయితం ముసిలోడితో రాయించుకున్నాడు, మాతో కాదు."

షావుకారు మళ్లీ మనుషుల్ని పంపలేదు. మామగారి చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది. ఆయన మరి రోకలి పట్టలేదు. అత్తగారూ నేనూ దంచుతుంటే పక్కన కూర్చుని, వాసన చూసి "సాలు, ఆపండే" అనేవారు. అలాగే బతికాం.

మీ ఇంట అన్నం కలిపే చేతులన్నీ నూరేళ్లు నిండుగా ఉండాలి. మీ వాకిట్లో ముగ్గునీళ్లే గానీ నెత్తురు కడిగిన నీళ్లు పారకూడదు తల్లీ.