మూడోసారి అడిగితే

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఏటా స్ప్రింగ్‌లో ఒక్కొక్క టీచర్నీ తన గదికి పిలిచి, వచ్చే ఏడాది ఏం నేర్చుకుంటారు, ముందు ముందు ఏమవుదామనుకుంటున్నారు అని అడుగుతుంది. పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ, తోటి టీచర్లకు లెక్కలు చెప్పే పద్ధతి నేర్పించే కోచ్‌ని కావాలని నాకు మహా కోరికగా ఉండేది. ఆ సంగతి మా ఆయనకి చెప్పాను. గిన్నెలు సర్దుతూ డిష్‌వాషర్‌కీ చెప్పుకున్నాను. చెప్పనిది ప్రిన్సిపాల్‌కే.

ఆ ఏడాది ఆవిడే అడిగింది. "కోచ్ పోస్టు ఖాళీ అవుతోంది. సమ్మర్‌లో ట్రైనింగ్‌కి పంపిస్తాం. మీరు తీసుకుంటారా?"

గుండె గంతేసింది. నోరు మాత్రం పాత అలవాటు మానలేదు. "అయ్యో, నాకెందుకండీ, నాకన్నా సీనియర్లు ఉన్నారుగా!" అంది.

మా వైపు దీన్ని కాదనడం అనరు. మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారి బలవంతం చేస్తే 'మీరింతగా అంటున్నారు కాబట్టి' అని ఒప్పుకోవాలి. కాఫీకైనా అంతే, పదవికైనా అంతే. నేను చిరునవ్వుతో రెండోసారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆవిడ, "అర్థమైంది, మీ ఇష్టం మీది," అని లేచి తర్వాతి టీచర్ని పిలిచింది.

పోస్టు పక్క గదిలో లెక్కలు చెప్పే అతనికి వెళ్ళింది. నా తర్వాత చేరినవాడు. అడగ్గానే యెస్ అన్నాడట, అంతే! ఇంటికొచ్చి ఏడ్చాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీకు అడిగి మరీ పెడితే వద్దన్నావు," అన్నారు మా ఆయన. "ఫస్ట్ టైమే యెస్ అనడం ప్రాక్టీస్ చెయ్యి."

చేశాను. ఆ శనివారం సాయంత్రం ఇద్దరం స్నేహితుల ఇంటికి వెళ్ళి, తిరిగి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆ ఇల్లాలు, "అప్పుడే వెళ్ళిపోతారా వదినా, భోంచేసి వెళ్ళకూడదూ?" అంది.

"సరే," అని చెప్పులు విప్పేశాను.

పాపం, ఆమె మొహం చూడాలి. "కుక్కర్ పెట్టండి, ఫ్రిజ్‌లో ఏమున్నాయో చెక్ చేయండి," అని భర్తకి గుసగుసగా చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది. ఆవకాయతో కడుపునిండా తిన్నాను. తిరుగు దారిలో మా ఆయన, "నేను ప్రాక్టీస్ చెయ్యమన్నది స్కూల్లో," అన్నారు.

మరుసటి స్ప్రింగ్‌కి పక్క గది అతను వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. ఈసారి ప్రిన్సిపాల్ గదిలో కూర్చోకముందే, "కోచ్ పోస్టు నాకు కావాలి," అనేశాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. "కిందటేడు వద్దన్నారుగా?"

"అది వద్దనడం కాదండీ," అని మా మొహమాటం సంగతంతా విడమరిచి చెప్పాను. మావాళ్ళని మూడుసార్లు అడిగితేగానీ అసలు జవాబు రాదని ఉదాహరణలతో సహా వివరించాను. పాఠం చెప్పడం నా వృత్తి కదా, బాగానే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఇది నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు," అని నన్ను ట్రైనింగ్‌కి పంపించింది. పార్కింగ్ లాట్‌లో కారెక్కి, అద్దాలు మూసుకుని, గట్టిగా అరిచాను. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆగస్టులో స్కూలు తెరిచారు. కోచ్‌గా మొదటి వారమే ప్రిన్సిపాల్ నా దగ్గరికి వచ్చి, "పొద్దున్న కార్ లైన్ డ్యూటీ చేస్తారా?" అంది. టెక్సాస్ ఎండలో నిలబడి, పిల్లల్ని దించే కార్లకి చెయ్యి ఊపే పని.

"వద్దండీ," అన్నాను. నిజంగా వద్దనే.

ఆవిడ తెలిసినట్టు నవ్వింది. "చేయకూడదూ?"

"నిజంగానే వద్దండీ."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "మీరు కాకపోతే ఇంకెవరు చేస్తారు చెప్పండి?"

కొరివితో తల గోక్కున్నానని అప్పుడర్థమైంది. కానీ మూడోసారి అంత ఆప్యాయంగా అడిగితే కాదనే నోరు మా వంశంలోనే లేదు.

"మీరింతగా అంటున్నారు కాబట్టి," అన్నాను.