పండ్లు కనబడే నవ్వు

ఎంకపల్లిలో గులాబీ తోట సాగుచేసుకొని బ్రతికే నిర్మల, తన కూతురు ప్రవళికకు నవ్వును గుర్తుపట్టడం నేర్పింది. పిల్లకు ఆటిజం ఉన్నదనీ, ఎదుటివారి మనసు ముఖంలో చదువుకోవడం ఆమెకు సహజంగా రాదనీ దవాఖానలో చెప్పారు. పదిహేనేళ్లు వచ్చినా ప్రవళిక ఎవరి కన్నులూ చూడదు; నోరు చూస్తుంది. కనుక తల్లి పాఠం నోటితోనే సాగింది.

"పండ్లు కనబడితె నవ్వు. నవ్వెటోళ్లు మంచోళ్లు. పెదవులు బిగవడితె కోపం. ఆడ నిలవడొద్దు బిడ్డా."

ఆలంకారికులు నవ్వును ఆరు విధాలుగా విభజించి, దంతాలు కనబడని దానికే మొదటి స్థానమిచ్చారు. నిర్మలకు అంత తీరిక లేదు. ఒక్క నవ్వు నేర్పి, దేవునికి దండం పెట్టుకొన్నది.

ఐటీ కంపెనీల సొమ్ము నగరం దాటి మొయినాబాద్ పల్లెల దాకా పొంగి వచ్చిన రోజులవి. తోట పక్కనే ఒక ఫాంహౌస్ లేచింది. దాని గేటు దగ్గర గొలుసుకు కట్టిన నల్లకుక్క. ప్రతి ఉదయం అక్కడికి పూజపూలు చేర్చేది ప్రవళికే.

ఒకనాడు కాపలాదారు కుర్మయ్య ఖాళీ బుట్ట తిరిగి ఇవ్వడానికి వచ్చి నవ్వాడు. "నీ బిడ్డకు భయమన్నదే లేదక్కా! మా కుక్క పండ్లు బయటవెట్టి జూస్తుంటె, దానికి ఎదురు నవ్వుతది. మా సారు కంటె ధైర్యమే!"

నిర్మల పూలు కోసే కత్తెర పక్కన పడేసింది. "బిడ్డ ఇప్పుడు ఆడికే పోయింది గద. కుక్కను కట్టేసిన్రా?"

కుర్మయ్య నవ్వు ఆగిపోయింది. "సారు పొద్దుగాలనే గొలుసు ఇప్పిండు."

ఇద్దరూ పరుగెత్తారు. గేటు తెరిచి ఉన్నది. కుక్క తల వంచి, పెదవులు వెనక్కు లాగి, చప్పుడు చేయక నిలబడింది. ప్రవళిక నవ్వుతూ దాని వైపు చేయి చాపింది. అరిస్తే కుక్క దూకుతుంది. నిర్మల మెల్లగా కూతురి చూపుకు ఎదురుగా జరిగి, ఏనాడూ ఆ బిడ్డ ముందు బిగించని పెదవులను బిగించింది.

చాచిన చేయి ఆగింది. ప్రవళిక వెనక్కు అడుగు వేసింది. కుర్మయ్య కుక్క మెడపట్టీ అందుకొన్నాడు.

"అమ్మా, నీకు కోపమొచ్చింది. కుక్క నవ్వుతున్నది గద?"

"అది నవ్వు కాదు బిడ్డా."

"పండ్లు కనబడ్డయి."

నిర్మల బిడ్డ చేయి పట్టుకొని తోటకు నడిచింది.

ఆ సాయంత్రం తోట అంచున ఒక తెల్లకారు ఆగింది. అద్దం దిగింది. ముక్కూ ముఖం తెలియని మనిషి, పలువరుస అంతా మెరిసేటట్టు నవ్వాడు.

"ఈ భూమి మీదేనా పాపా? ఒకసారి ఇట్ల రా."

రెండడుగులు వేసి ప్రవళిక ఆగింది. అతని నోరు చూసింది. వెనుదిరిగి తల్లి నోరు చూసింది.

"అమ్మా, ఈయన నవ్వుతున్నడా?"

ఏ పెదవులు చూపాలో నిర్మలకు తెలియలేదు. కారు ఇంజను ఆగలేదు.