శెట్టిగారి సీటు కవరు

2023లో, వానలు తగ్గిన రోజులు. నంద్యాలలో నా కార్ల క్లీనింగ్ షెడ్డుకు ఆళ్లగడ్డ నుంచి ఒకామె వచ్చింది. కారు నడిపింది ఆమె తమ్ముడు. ఆమె భర్త శెట్టిగారికి బట్టల అంగడి ఉండేది. ఆయన పోయి ఏడు నెలలు. కారు కొన్ననాటి పాలిథీన్ కవర్లు ఎనిమిదేళ్లయినా సీట్లకు అట్లే ఉన్నాయి. మా వైపు ఇది వింతేం కాదు.

“మాసిపోతాదని ముట్టనిచ్చేవాడు కాదప్పా. బట్టలమ్మేటాయన, నన్ను మాత్రం గుడ్డ మీద కూర్చోనీలేదు,” అందామె. “అన్నీ తీసెయ్. డ్రైవర్ సీటుది ఉండనీ. ఆయన కూర్చున్న కవరది.”

ఆమె కూర్చునే పక్క సీటు కవరు ఎత్తగానే ముక్కవాసన గుప్పుమంది. నీలం గుడ్డ నిండా నల్లటి చుక్కలు. మేం మోల్డ్ అంటాం, అంటే బూజు. గుడ్డల సంరక్షణ మీద ఒక పుస్తకాన్ని గ్రంథాలయంలో రెండుసార్లు చదివినవాణ్ణి. అందుకే పొడి బ్రష్షు ముట్టలేదు. రుద్దితే ఆ రేణువులు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాస్కు కట్టి, తలుపులన్నీ తెరిచి, వాక్యూమ్ పట్టాను. తర్వాత స్పాట్ టెస్ట్: మందునీళ్లు మొదట కనబడని మూల రాసి, రంగు దిగుతుందేమో చూడటం. దిగలేదు. గట్టిగా పిండిన గుడ్డతోనే తుడిచాను. సీటు లోపలి స్పాంజిలోకి తడి దిగితే బూజు మళ్లీ పుడుతుంది.

“అమ్మా, ఆ ఒక్క కవరూ తీయాల. లేకుంటే దాని కింది బూజు అన్నిటికీ పాకుతాది,” అన్నాను.

“నీకేం తెలుసప్పా? ఏడు నెల్లుగా దాన్ని చూస్తా కూర్చుంటాండా.”

“చూసేది నువ్వు, ఆ కంపులో నడిపేది నేను. తీయించక్కా,” అన్నాడు తమ్ముడు.

ఆమె డ్రైవర్ సీటు దగ్గరికొచ్చింది. “నువ్వు ముట్టొద్దు,” అని నాతో చెప్పి, వీపు ఆనే చోట ఆయన పరుచుకున్న తువ్వాలును తనే లాగింది.

దాని కింద కవరు లేదు. ఎప్పుడో చిరిగితే, అంచులు లోపలికి మడిచి తువ్వాలు కప్పేశాడు. గాలి తగిలిన ఆ గుడ్డ మీద ఒక్క చుక్క కూడా బూజు లేదు. కొంచెం వెలిసింది, అంతే.

“చూడ్రా! నన్ను ముట్టనీకుండా తానొక్కడే గుడ్డ మీద కూర్చున్నాడు, దొంగ!”

నవ్వింది. నవ్వుతానే కండ్లు తుడుచుకుంది. మిగిలిన కవరు కూడా పీకి, ఆ సీట్లోనే కూర్చుని, వెలిసిన చోట వీపు ఆనించింది. ఎండ పక్కకు తిరిగేదాకా లేవలేదు. మేమూ లెమ్మనలేదు.

బూజుకు మందు కంటే గాలి ముఖ్యమని పుస్తకంలో ముందే చదివాను. ఇప్పుడు కొత్త కారు తెచ్చినవాళ్లకు మొదట ఒకటే చెప్తాను: కవర్లు ఈరోజే తీసెయ్యండి, పక్క సీటుది ముందు.