గరుసు మీద ఉప్పు గీత

ముత్యాలయ్య సైకిలు తొక్కుతుంటే చూసినవాళ్ళకి నవ్వొచ్చేది. మోకాళ్ళు రెండూ చెరో పక్కకీ విసిరి, వీపు వంచి, వెనక రెండు తడి గంపలేసుకుని, ఆ సైకిలే అతన్ని లాక్కుపోతున్నట్టు వెళ్ళేవాడు. కానీ పర్ర మీద దారి తెలిసినవాడు అతనొక్కడే. ఆ సంగతి నవ్వేవాళ్ళకీ తెలుసు.

జువ్వలదిన్నెకు దిగువన ఒక చిన్న పల్లెపాలెం అతనిది. తెల్లవారి తెప్పలు ఒడ్డుకు రాగానే చేపల్ని సముద్రపు నీళ్ళలో జాడించి, గంపల్లో నింపి, బిట్రగుంట స్టేషనులో మద్రాసు పాసింజరుకు అందించాలి. రైలు తప్పితే సరుకు కాకులపాలు. పాలేనికీ స్టేషనుకు పోయే రోడ్డుకీ మధ్య రెండు మైళ్ళ పర్ర ఉంది. పోటు నీళ్ళు వచ్చిపోయే నల్లని చవిటి నేల అది. ఒకచోట గచ్చులా ఉంటుంది, పది గజాల అవతల చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. చిన్నప్పుడు పీతల కోసం అంగుళం అంగుళం తిరిగాడు కనక ముత్యాలయ్యకు ఆ నేల పాదాలతోనే తెలుసు.

అందరికంటే అరగంట ముందు బయలుదేరేవాడు. గంపల్లోంచి ఉప్పునీళ్ళు దారిపొడవునా కారి, ఎండకు ఆరి, రోజూ ఒకే చోట పడీ పడీ నల్ల నేల మీద తెల్లని గీతగా పేరుకుపోయింది. వెనక వచ్చే ఆరు సైకిళ్ళూ కళ్ళు మూసుకుని ఆ గీత పట్టుకుని పోయేవి. ఆ గీత ఒకచోట వంకర తిరిగేది. నేరుగా పోకుండా ఎడమకు మళ్ళి, జంట తాడిచెట్ల దగ్గరున్న ఒక గుడిసె ముందుగా ఇసకలో పడి, అరమైలు చుట్టి మళ్ళీ దారిలో కలిసేది. నేరుగా అడుసు ఉండబట్టే అతను అలా పోతున్నాడని అందరూ అనుకున్నారు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

అక్కడ అడుసూ లేదు, గిడుసూ లేదు. ఆ గుడిసెలో ఉండేది అతని చెల్లెలు పేరమ్మ.

పేరమ్మ పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఉప్పుమళ్ళలో పనిచేసే అబ్రహామును చేసుకుంది. కులం వేరు, దేవుడు వేరు. పాలెం పెద్దలు కూర్చుని దురాయి వేశారు. వాళ్ళలో దురాయి అంటే ఊరి కట్టడి. దాన్ని నోటితో పలికింది వాళ్ళ నాయన కామాక్షయ్యే. పాలేనికి పెద్దకాపు ఆయనే కనక ఇంకొకరి చేత పలికించలేదు. ఆ దురాయి పడ్డ మనిషితో మాట్లాడకూడదు, నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, చేతిలో చేయి పెట్టి ఏదీ అందించకూడదు, గడప తొక్కకూడదు. తప్పినవాడికీ అదే దురాయి. ముత్యాలయ్య భార్య తొలికాన్పులోనే పోయింది. మళ్ళీ చేసుకోలేదు. ఇంట్లో నాయనా అతనూ మిగిలారు. చెల్లెలి పేరు ఆ ఇంట్లో ఎత్తేవాళ్ళు లేరు.

చేపలు మోసేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. గంపలోంచి జారిపడిన చేపను మోసేవాడు వంగి తీయడు. తీస్తే ఆ రోజు సరుకు చెడుతుందని భయం. పడింది ఎవరికి దొరికితే వాళ్ళది. ముత్యాలయ్య అందులో సందు చూసుకున్నాడు. తాడిచెట్లు దగ్గర పడగానే చెయ్యి వెనక్కి పెట్టి గంప మూత తాడు కాస్త వదులు చేసేవాడు. ఇసకలో గంప ఎగిరినప్పుడు రెండు కానాగంత చేపలో ఒక మాగ చేపో జారిపడేవి. సైకిలు దిగేవాడు కాదు. తల తిప్పేవాడు కాదు. గుడిసె తలుపు దగ్గర ఒక చీరకొంగు కనపడితే ఆ రోజుకు చాలు. ఆమెకు తిండి లేక కాదు. తను ఉన్నానని చెప్పడానికి అతనికి వేరే దారి లేక. ఐదేళ్ళు ఇదే నడిచింది.

అరవై మూడు ఎండాకాలంలో పంచాయతీ సమితి తరఫున ఓవర్సీరు వచ్చాడు. పర్ర మీద ఎర్రగరుసు కంకర తోలించి రోడ్డు వేస్తారట. చేపల సైకిళ్ళ వాళ్ళందరూ ఆయన వెంట నడిచారు. ఆయన తెల్లగీతను చూసి ముచ్చటపడ్డాడు.

"సర్వే మీరే చేసి పెట్టినారే! ఈ గీత మీదే గరుసు పోయిస్తా. ఈ వంకర మాత్రం ఎందుకయ్యా?"

అందరూ ముత్యాలయ్య వైపు చూశారు. ఐదేళ్ళుగా తొక్కాడే గానీ నోటితో అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు.

"నేరుగా అడుసు సార్. బండి దిగబడిపోద్ది."

తాడిచెట్ల దగ్గర పేరమ్మ పుల్లలు ఏరుకుంటోంది. ఓవర్సీరు కేకేసి, "అడుసేనా అమ్మా?" అని అడిగాడు.

పేరమ్మ అన్న వైపు చూడలేదు. రెండో సైకిలు హజరత్తయ్య వంక చూసింది. పోయిన వానల్లో ఆమె గుడిసె ముందే అతను ఇసకలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు పని లేదు. ఆమె లోపలినుంచి చూస్తూ కూడా, దురాయికి వెరిచి, లేపలేకపోయింది.

"అడుసు లేదయ్యా. కళ్ళం మాదిరి గట్టిగా ఉండాది. నేను దినమూ నడస్తానే! ఆడే ఎయ్యండి. ఈళ్ళు ఈ ఇసకలో పడి చస్తా ఉండారు."

ఓవర్సీరు గునపం వేయిస్తే ఖంగుమంది. ముత్యాలయ్యకు ఆ మోతకంటే ఆమె గొంతే ఎక్కువ వినపడింది. ఐదేళ్ళకు విన్న గొంతు. మనిషి చిక్కినా గొంతు చిక్కలేదని సంతోషం కలిగింది. ఆ వెంటనే, తన దారి మూసేసింది ఆమేనని కోపమూ వచ్చింది.

"ఎండలకి గట్టిపడిందేమో" అని గొణిగాడు. హజరత్తయ్య మాత్రం అతన్నే చూస్తూ నిలబడ్డాడు.

రోడ్డు నేరుగా పడింది. ఎర్రగా, రోలరు తొక్కిన గరుసు. చక్రం కింద కరకరలాడుతూ సైకిలు దానంతటదే పోయేది. అందరికీ పండగ. ముత్యాలయ్య కూడా మూడు రోజులు నేరుగానే పోయాడు. అలాగే పోతూ ఉంటే అతని జోలికి వచ్చేవాడు లేడు. నాలుగో రోజు దూరంగా తాడిచెట్టు కింద పేరమ్మ నిలబడి ఉంది. చెయ్యి ఎత్తలేదు, పిలవలేదు. అతను వంద గజాలు దాటిపోయాక, తిట్టుకుంటూ, హ్యాండిలు వెనక్కి తిప్పాడు.

వారం తిరిగేసరికి ఎర్రటి గరుసు మీద పాలేన్నుంచి వచ్చిన తెల్లగీతల్లో ఒకటి పక్కకు విడిపోయి తాడిచెట్ల దాకా పోయింది. గుడ్డివాడికి తప్ప అందరికీ కనపడింది.

పెద్దలు కూర్చున్నారు. సైకిళ్ళ వాళ్ళకి దురాయి తప్పాడన్న కోపం కంటే ఐదేళ్ళు అరమైలు ఊరికే తొక్కించాడన్న కోపం ఎక్కువగా ఉంది.

"నీ గీత నమ్మి గదరా ఆ ఇసకలో పడ్డాను. నీ చెల్లెలి చేపల కోసం నా చెయ్యి ఇరగాల్నా?" అన్నాడు హజరత్తయ్య.

ముత్యాలయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. దురాయి తప్పినందుకు మాత్రం అతనికి అంత సిగ్గనిపించలేదు.

"ఆ గీత నీదేనా?" అన్నాడు కామాక్షయ్య.

"నాదే నాయనా."

ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత, కూతురికి పలికినట్టే కొడుక్కీ ప్రతి మాటా పలికాడు, ఒక్కటీ తగ్గించలేదు.

మర్నాడు ఒడ్డున ముత్యాలయ్య గంపలో ఎవరూ చేప వేయలేదు. ఎవరూ పలకరించలేదు. తెప్పలన్నీ వచ్చేదాకా నిలబడి, కాళ్ళకు అలవాటైన పని కనక, ఖాళీ గంపలతోనే బయలుదేరాడు. చుక్క నీళ్ళు కారలేదు. తాడిచెట్ల దగ్గర మళ్ళి, ఎప్పట్లాగే తల తిప్పకుండా దాటబోయాడు.

పేరమ్మ ఎదురొచ్చి హ్యాండిలు పట్టుకుంది. పొడి గంపల వైపు చూసింది.

"దిగన్నా."

"దురాయి..." అన్నాడు అలవాటుగా.

"నీకూ పడినట్టుండాది గదా. ఇంక ఎవురికి భయపడేది?"

ముత్యాలయ్య పెడలు మీద కాలు తీయకుండా ఆలోచించాడు. పెద్దకాపు కొడుకు కనక దురాయి మాటలన్నీ అతనికి కంఠతా వచ్చు. మొదటినుంచి చివరిదాకా మనసులో చెప్పుకున్నాడు. దురాయి పడ్డవాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని అందులో ఎక్కడా లేదు.

దిగాడు. పేరమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, ఏం మాట్లాడాలో తెలియక అడిగాడు.

"చేపలు బాగుండినాయా?"

"ఏం బాగు? ఐదేండ్లు ఇసక కడగలేక సచ్చినాను" అని నవ్వబోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముత్యాలయ్య సైకిలుకు స్టాండు వేశాడు.