రిజిస్టరు చూపించమన్న మావయ్య

మా పక్కింటి మావయ్య పోయి నేటికి ఇరవై రెండు రోజులు. రైల్వే ఆసుపత్రి నుంచి అత్త ఫోను చేసేసరికి నేను ఊరవతల బోద్రీ కోర్టులో ఎవరిదో వాయిదా పిటిషను టైపు చేస్తున్నాను. "మీ మావయ్య ఎల్లిపోనారమ్మా" అంది. గుండెపోటు. అప్పటికి నేను ఆయనతో మాట్లాడి నెల దాటింది. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. నాకుంది. ఆయన మీదా ఉంది, నా మీదా ఉంది. ఆ కాలుష్య మండలి ఆఫీసు మీదైతే చెప్పనే అక్కర్లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న, ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్ళో రైల్వేలో చేరారు. అప్పట్లో పక్కపక్క క్వార్టర్లు, రిటైరయ్యాక పక్కపక్క ఇళ్ళు. స్టేషన్ మాస్టరుగా చేసి దిగిపోయి పదిహేనేళ్ళయినా ఆయన డ్యూటీ మాత్రం దిగలేదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే దాని మీద అందిన తేదీ, టైము వేసి సంతకం పెట్టుకునేవారు. టీ తాగాక కప్పు బల్ల మీద పెట్టేవారు కాదు, నా చేతికే ఇచ్చేవారు. ఎవరు ఇచ్చారో ఎవరు పుచ్చుకున్నారో తేలాలట.

అత్తకి ఆయాసం. ఊరి చివర ఇనుము ఫ్యాక్టరీ పొగ మా వైపు తిరిగిన రోజుల్లో నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంటుంది. పొగ ఎక్కువున్న రోజుల్లో బయటికి రావద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కువున్న రోజులేవో ఎలా తెలుస్తుందని మావయ్య అడిగారు. డాక్టరు నవ్వి ఊరుకున్నాడు. ఈయన ఊరుకోలేదు.

ఫ్యాక్టరీ గేటు ముందు రీడింగులు చూపించే బోర్డు ఉందంటే నేనే స్కూటీ మీద తీసుకెళ్ళాను. అది వెలగదు. వెబ్‌సైటులో చూసుకోమన్నారు. అది తెరుచుకోదు. తెరుచుకున్న రోజున మరమ్మతులు జరుగుతున్నాయని చెబుతుంది. తనిఖీల్లో తేలిన పొగ రీడింగుల రిజిస్టరు ఒకటి కాలుష్య మండలి ఆఫీసులో ఉంటుందని, పని వేళల్లో ఎవరైనా వెళ్ళి చూడవచ్చని చివరికి నేను టైపు చేసిపెట్టే వకీలు చెప్పాడు. ఎందుకు చెప్పాడో మహానుభావుడు.

అక్కడి నుంచి రెండేళ్ళు నా ఆదివారాలన్నీ అర్జీలకే పోయాయి. దరఖాస్తు పెట్టమన్నారు, పెట్టాం. ఫారం మారిందన్నారు. మారిన ఫారం నింపి తీసుకెళ్తే గుమస్తా సెలవు. ఎందుకు చూడాలో కారణం రాయమంటే, నా భార్యకి ఊపిరి ఆడటం లేదని మావయ్య రాశారు. అది సొంత కారణం, చెల్లదని తిప్పి పంపారు. నేను ఆ కాగితం చింపబోతే ఆయన లాక్కుని, తేదీ వేసి ఫైల్లో పెట్టుకున్నారు. "కసిరితే ఎదుటోడికి సాకు దొరుకుతాదమ్మా. అడిగిందే మళ్ళీ అడుగు" అనేవారు. ఆ నెమ్మదికి నాకు ఒళ్ళు మండేది.

మొన్న వేసవిలో ఒకరోజు నిజంగానే రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు. గుమస్తా కొత్తవాడు. చూపించకూడదని ఇంకా ఎవరూ అతనికి చెప్పినట్టు లేదు. పేజీలు తిప్పుతుంటే ఏ ఫ్యాక్టరీకి చూసినా సగం గళ్ళు ఖాళీ. మా ఫ్యాక్టరీ పేజీ దొరికాక మావయ్య జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. అత్త ఆసుపత్రిలో చేరిన తేదీలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కొక్కటే సరిచూశాం. ఆమె మంచాన పడిన నెలలకి ఎదురుగా వరసగా ఆరు గళ్ళు, ఆరింట్లోనూ ఏమీ లేదు. ఇదేమిటని గుమస్తాని అడగడానికి నేను తల తిప్పానో లేదో, మావయ్య ఎర్ర పెన్ను తీసి ఆ ఆరు గళ్ళ మీదుగా ఒకే గీత కొట్టి, రీడింగు లేదని హిందీలో రాసి, టైము వేసి సంతకం పెట్టేశారు.

ఇంక చూడండి. సర్కారీ రికార్డు పాడుచేశారని ఆఫీసంతా లేచింది. పోలీసులను పిలుస్తామన్నారు. నేను అందరికీ దండాలు పెట్టి, వరండాలో కూర్చుని, అలవాటు కొద్దీ పొరపాటున చేశానని ఆయన పేరు మీద క్షమాపణ రాశాను. ఆయన 'పొరపాటున' కొట్టేసి 'తెలిసే' అని రాశారు. చివరికి పెద్దవాడని వదిలేశారు గానీ మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదన్నారు.

దారిలో స్కూటీ ఆపి మరీ అరిచాను. రెండేళ్ళు తిరిగి తెరిపించిన తలుపు మీ చేత్తో మీరే మూశారు, అత్త గురించి ఒక్క క్షణమైనా ఆలోచించారా అని అడిగాను. ఆయన అప్పుడూ గొంతు పెంచలేదు.

"ఖాళీ వరస వదిలీకూడదమ్మా. రేపెవుడో వచ్చి దాంట్లో ఏటి కావాలంటే అది రాసేస్తాడు. స్టేషన్లో అయితే ఆ రాత నమ్మి బండి వదిలేస్తాం."

"ఇది స్టేషను కాదు మావయ్యా."

"కాదు. అయినా నమ్మేవోళ్ళు ఉంటారు కదేటి."

నేను స్కూటీ స్టార్టు చేశాను. ఆ తరువాత గేటు దగ్గర ఆయన కనబడితే తల తిప్పుకుని వెళ్ళిపోయేదాన్ని. అంత పంతం ఎందుకు పట్టానో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పెద్దకర్మ అయ్యాక అత్త అడిగింది, "ఓసారి ఎల్లి సూసొస్తావేటమ్మా, ఇప్పుడైనా రాస్తున్నారేమో" అని. కాదనలేక నిన్న వెళ్ళాను. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారట, రిజిస్టర్లన్నీ బల్ల మీదే ఉన్నాయి. అదే గుమస్తా నన్ను గుర్తుపట్టాడు. ముందు పెన్ను బ్యాగులో పెట్టించి, తరువాత రిజిస్టరు ఇచ్చాడు.

వేసవిలో చూసిన ఖాళీలు ఒక్కటీ లేవు. ఏ ఫ్యాక్టరీ పేజీ తీసినా నెలనెలకీ రీడింగు ఉంది. అన్నీ ఒకే చేతిరాత, ఒకే నీలం సిరా, అన్నీ హద్దులోపలే. అది చదివినవాళ్ళెవరైనా ఈ ఊళ్ళో ఆయాసం రావడానికి కారణమే లేదనుకుంటారు. నేను దారిలో అరిచిన ప్రతి మాటా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మా ఫ్యాక్టరీ పేజీ తీశాను. పైనా కిందా నీలం అంకెలు నిండిపోయి ఉన్నాయి. మధ్యలో ఆరు గళ్ళు మాత్రం ఖాళీ. వాటి మీదుగా ఎర్ర గీత, పక్కన మావయ్య సంతకం, టైము పదకొండు నలభై.