కళ్ళు చెక్కని మేక తల

మా వీణల తాత పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో కుందేలు పుర్రె బొమ్మ గీస్తున్నాను. కంటిగుంట సగం దాకా వచ్చింది. "పొద్దున్న కాఫీ తాగి గోడకి జారబడి కూకున్నాడట. అలాగే ఎల్లిపోనాడే" అంది అమ్మ. రికార్డు మూసేసి బొబ్బిలి బస్సెక్కాను. ఆ బొమ్మ ఇప్పటికీ పూర్తి చేయలేదు. మేడమ్ రెండుసార్లు అడిగారు.

తాత నాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. మా వీధిలో వీణలు చేసే ఇల్లు అదొక్కటే కాబట్టి పిల్లలందరికీ వీణల తాత. పనస దుంగని తొలిచి గుండ్రటి కుండా, పొడుగాటి దండీ ఒకే కర్రలో తీసేవాడు. వయసు మీద పడ్డాక బరువు పనులు కొడుక్కి వదిలేసి, తలలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. వీణ దండి చివర కిందికి వంగి ఉండే యాళి తల గురించి చెబుతున్నాను. సింహమో మొసలో ఏనుగో తేల్చుకోలేని మొహం, తెరిచిన నోరు, ముందుకి పొడుచుకొచ్చిన గుడ్లు. నేను పలక పట్టిన నాటినుంచీ మా వసారాలో కూర్చుని, ఎదురు అరుగు మీద ఆ తలలు పుట్టడం చూస్తూనే ఉన్నాను.

కళ్ళు ఎప్పుడూ ఆఖర్నే పెట్టేవాడు. ముక్కూ నోరూ కోరలూ అయిపోయాక తలని అరుగు అంచున నిలబెట్టేవాడు. దాని మీంచి చూపు తీయకుండా నాలుగు అడుగులు వెనక్కి వేసేవాడు. నాలుగో అడుగుకి వీధి మధ్యలో ఉండేవాడు. అక్కడ నిలబడి, తల కొంచెం వంచి, కళ్ళు ఎక్కడ రావాలో చూసుకునేవాడు. సైకిళ్ళవాళ్ళు బెల్లయినా కొట్టకుండా చుట్టూ తిప్పుకుని పోయేవారు. తర్వాత వచ్చి పెన్సిల్‌తో రెండు గుండ్రాలు గీసి, అప్పుడు ఉలి అందుకునేవాడు.

"కళ్ళు పెట్టీవరకూ అది కర్రే గుంటా. పెట్టినాక అది నిన్ను సూస్తాది. అందుకే ముందు నువ్వే దాన్ని బాగా సూసుకోవాల" అనేవాడు.

నాకు మాటలు పోగుచేసే పిచ్చి పట్టింది తాత దగ్గరే. కర్రలో పొర వాలు ఎటుందో వేలితో తడిమి, "దీనికీ ఓ దారుంటాది, అడిగితే సెప్తాది" అన్నాడొకసారి. ఇంటికెళ్ళి నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. తర్వాత ఆ పేజీ చాలలేదు.

ఏటా మా జువాలజీ శాఖలో ప్రదర్శన పెడతారు. అంతరించిపోయిన జంతువుని ఒకదాన్ని ఎంచుకుని, నమూనా చేసి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి వివరించాలి. అందరూ డైనోసార్ల మీద పడ్డారు. నేను ఒక మేకని ఎంచుకున్నాను. మధ్యధరా సముద్రంలో, స్పెయిన్‌కి తూర్పున ఉన్న దీవుల్లో ఒకప్పుడు బతికిన పొట్టి మేక అది. మామూలు మేకకి కళ్ళు మొహానికి చెరో పక్కనా ఉంటాయి. దీనికి మాత్రం మన కళ్ళలా ముందుకి తిరిగి ఉండేవి.

ఫోన్‌లో బొమ్మ చూపించి, ఈ తల చెక్కి పెట్టమని తాతని అడిగాను. ఫోన్‌ని మొహానికి సరిగ్గా ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మేకేటే? ఆఫీసులో గుమస్తానాగున్నాది. ఏటడిగినా 'రేపు రండి' అనీసేటట్టున్నాది."

"నిజంగా మేకే తాతా."

"మేకంటే నువ్వు ఎనకాల నిలబడి కర్రెత్తినా సూసీస్తాది. ఇదేటి సూస్తాది, దాని ముక్కా?"

అన్నాడే గానీ, ఆ సాయంత్రమే ఓ పనస ముక్క తీసి ముందర పెట్టుకున్నాడు. నాలుగైదు రోజుల్లో కొమ్ములూ మూతీ వచ్చాయి. నాకు చూపించడానికని కళ్ళ చోట పెన్సిల్ గుండ్రాలు గీశాడు. రెండూ పక్కల్లో గీశాడు.

"ముందుకి తాతా."

నాలుక తడితో చెరిపాడు. మర్నాడు చూస్తే మళ్ళీ పక్కల్లోనే ఉన్నాయి. నేను నవ్వాను. తాతా నవ్వాడు.

"ఈ సెయ్యి నా మాట ఇనదే. సిన్నప్పుడు మేకల్ని కాసిన సెయ్యి. అయినా, దానికి కళ్ళు ముందుకెందుకొచ్చీసినాయో అది సెప్పు ముందు."

నేను క్లాసులో చదివినట్టే చెప్పాను. ఆ దీవిలో పులి లేదు, నక్క లేదు. మేత మేస్తూ చుట్టూ చూసుకోవలసిన పని లేదు. తిండి మాత్రం తక్కువ. పెద్ద కళ్ళకీ, పెద్ద మెదడుకీ ఒంట్లో బలం చాలా కావాలి. అక్కర్లేని చూపు కొన్ని లక్షల ఏళ్ళలో తగ్గిపోయింది. కళ్ళు చిన్నవై మెల్లగా ముందుకి జరిగాయి. ఎందుకు జరిగాయన్న దాని మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రాళ్ళ మీద దూకేటప్పుడు దూరం అంచనా కట్టడానికి పనికొచ్చాయేమో అనేవాళ్ళూ ఉన్నారు.

"మరి ఆఖరికి పక్కనించి ఏటీ రానేదా?"

"వచ్చాడు తాతా. పడవల్లో మనిషి వచ్చాడు. ఆ తర్వాత ఆ మేకలు మిగల్లేదు."

"ఏ పక్కనించి వచ్చినాడు?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. తాత మాత్రం జవాబు కోసం నా వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళొక్కటే తిప్పలేదు, మొత్తం మనిషే తిరిగాడు. ఆ తిరగడంలో మోచెయ్యి తగిలి, ఎడమ పక్క నేను అప్పుడే పెట్టిన టీ గ్లాసు ఒరిగిపోయింది. గ్లాసు పెట్టడం తాత చూడలేదు.

అప్పుడు అరుగంతా కొత్తగా కనిపించింది నాకు. ఉలులన్నీ ఇదివరకు తాత చుట్టూ చెల్లాచెదురుగా ఉండేవి. ఇప్పుడు అన్నీ ఎదురుగా, ఒకే వరసలో ఉన్నాయి. నేను పెన్సిల్ తీసి, "నన్నే చూడు. కనిపించగానే చెప్పు" అని తాత చెవి పక్కనుంచి మెల్లగా ముందుకి తెచ్చాను. క్లాసులో ఒకరి మీద ఒకరం చేసుకున్న పరీక్షే. పెన్సిల్ దాదాపు ముక్కు ముందుకి వచ్చేదాకా తాత "నేదు, నేదు" అంటూనే ఉన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి తాతా?"

"తెలీదే. నొప్పి నేదు, మంట నేదు. అత్తిపత్తి ఆకునాగ ముడుసుకుంటన్నాది సూపు." గొంతు తగ్గించాడు. "మీ మావకి సెప్పకు."

మావ అంటే తాత కొడుకు. బహుమతులకి ఇచ్చే జానెడు వీణలు పెరట్లో చేస్తుంటాడు. తండ్రి అంటే ప్రాణం. అదే తాత భయం.

"ఆడికి తెలిస్తే ఉలి తీసీస్తాడు. ఉలి నేకపోతే నానేటే? గోడకి ఆనించీసిన దండిని. ఉలి నా ముందరే ఉంటాది. ముందర సూపు సాలు నాకు. ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. పాఠం అప్పజెప్పినంత తేలిగ్గా వేశాను.

ఆ రాత్రి పుస్తకాలు తిరగేస్తే తాతకున్నది నీటికాసులేమో, గ్లాకోమా అంటారే, అదేమో అనిపించింది. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని మందులతో కాపాడుకోవచ్చు. మర్నాటినుంచి డాక్టరు దగ్గరికి వెళ్దామని బతిమాలడం మొదలుపెట్టాను. "ఎల్తే ఆడికి తెలుస్తాది" అనేవాడు. మావ వీధిలో ఎదురై "నీ మేక తల ఎంతవరకు వచ్చినాదే?" అని అడిగితే నేల చూసేదాన్ని. మా వసారాలో పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని గానీ నిజానికి కాపలా కాసేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న మేక తల అరుగు అంచున నిలబడింది. కళ్ళు తప్ప అంతా అయిపోయింది. తాత దాన్నే చూస్తూ వెనక్కి అడుగు వేశాడు. రెండు. మూడు. ఇది సైకిళ్ళ వీధి కాదిప్పుడు. మార్కెట్టుకి అడ్డదారి. నేను అరిచాను. కూరగాయల వ్యాను తాత పంచె అంచుని రాసుకుంటూ వెళ్ళి కీచుమని ఆగింది.

"ఓయ్ ముసిలోడా, కళ్ళు అగుపడవేటి?" అని అరిచాడు డ్రైవరు.

తాత వ్యాను వైపు చూడలేదు. అది ఏ పక్క ఉందో తెలియలేదు. మేక తలనే చూస్తూ నిలబడ్డాడు.

గంట తిరక్కుండా పెరట్లోకి వెళ్ళి మావకి చెప్పేశాను.

విజయనగరంలో కంటి డాక్టరు నేను చదివిందే చెప్పాడు. చుక్కల మందు రాశాడు. ఇంటికి రాగానే మావ ఉలులన్నీ గోనెసంచిలో కట్టి అటక ఎక్కించాడు. అరుగుకి ఇనప గ్రిల్లు పెట్టించి తాళం వేశాడు. అంత అవసరమా అని నసిగితే నా మీద విరుచుకుపడ్డాడు.

"మరేటి సెయ్యమంటావు? వ్యాను కిందనుంచి ముక్కలు ఏరుకోమంటావా? సదూకున్నదానివి కదా, ఇంకో దారుంటే సెప్పు!" కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నా దగ్గర ఇంకో దారి లేదు. ఇప్పటికీ లేదు.

తాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. గ్రిల్లుకి అటు తాత, ఇటు నేను. వీధి ఆరడుగుల వెడల్పు పెరిగినట్టుండేది. ప్రదర్శనకి అట్ట మీద బొమ్మ గీసుకుని వెళ్ళాను. మేక గురించి వచ్చినవాళ్ళకి చెబుతున్నంతసేపూ తాత అడిగిన ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. ఎవరూ అడగలేదు.

పదో రోజు గ్రిల్లు లోంచి పిలిచాడు. "ఓలే దీవి గుంటా!"

పరిగెత్తాను.

"ఈ దీవి బాగున్నాదే. పులి నేదు, నక్క నేదు. తిండెట్టీసి, సుక్కలేసీసి, తాళమేసీసి ఎల్తారు. ఇంకొన్నాళ్ళుంటే నాకూ కొమ్ములొస్తాయి."

నవ్వబోయాను గానీ రాలేదు. "నేను చెప్పడం తప్పా తాతా?" అని అడిగేశాను.

తాత ఊచలు పట్టుకుని మొత్తం మనిషే నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పకపోతే ఆ వ్యానే సెప్పును" అన్నాడు. ఊచలు వదిలి, "అయినా నువ్వు సెప్తావనుకోనేదే" అన్నాడు.

ఈ రెండు మాటలూ నోటుబుక్కులో పక్కపక్కనే రాసుకున్నాను. ఒకదాన్ని కొట్టేయడం ఈనాటికీ చేతకావడం లేదు.

ఆ తర్వాత నేను రోజూ వెళ్ళేదాన్ని. మేక తల ఒక్కటే అటక ఎక్కకుండా తప్పించుకుంది. ఎప్పుడూ తాత ఒళ్ళోనే ఉండేది. కళ్ళు రావలసిన చోట బొటనవేలితో రాస్తూ కూర్చునేవాడు. రాసీ రాసీ ఆ చోటు నున్నబడి మెరిసేది. కొత్త మాట ఏదైనా చెప్పమని అడిగితే, "పనిలో ఉన్నప్పుడు మాటలొస్తాయే. ఊరికే కూకుంటే ఎక్కడినుంచొస్తాయి?" అనేవాడు. నాకు తెలిసిన మాటల్లో సగం ఆ అరుగు మీద పుట్టినవే. వాటి ఊట నేనే మూసేశాను. పోయే ముందు వారం నా రికార్డు పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు.

తాత పోయిన పదో రోజు కార్యం అయ్యాక మావ ఆ తల తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దిండు కిందున్నాది. నీదే కదే. కళ్ళు నాను సెక్కీనా?"

తిప్పి చూశాను. ముందువైపు, వేలు రాసిన చోట ఏమీ లేదు. గుండ్రాలు రెండూ పక్కల్లోనే ఉన్నాయి. కంటికి ఆనక కాబోలు, పెన్సిల్ మొన కర్రలోకి దిగేలా గట్టిగా నొక్కి గీశాడు. మేకల్ని కాసిన చెయ్యి మూడోసారి కూడా మాట వినలేదేమో. తెలిసే గీశాడేమో.

"వద్దు మావా, ఇలాగే ఉండనీ" అన్నాను.

ఇప్పుడది మా వసారా కిటికీలో ఉంది. ఒక గుండ్రం వీధి వైపు ఉంటుంది, వ్యాన్లు వచ్చే వైపు. రెండోది, నేను చదువుకునే బల్ల వైపు.