కుంపటి పక్కన రాసిన పుస్తకం

పెద్దాయన నగలు చేసే బల్ల మీదే రత్నాల మీద పుస్తకమూ రాశాడు. ఎడమ పక్క కుంపటి, కుడి పక్క కాగితాలు. గొట్టంతో మంట ఊది ఉంగరం అతికించడం, అది చల్లారేలోగా నాలుగు వాక్యాలు రాయడం ఆయన అలవాటు. నిప్పురవ్వలు ఎగిరిపడి ప్రతి పేజీకీ ఆవగింజంత చిల్లులు పడేవి. "ఇది పుస్తకమా, జల్లెడా నాన్నా?" అని కూతురు దెప్పితే, "తప్పులేమైనా ఉంటే జారిపోతాయిలేవే" అని నవ్వేవాడు. ఆ పుస్తకం చూపించడానికి వెళ్తే పండితులు మాత్రం ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి, తెగిన గొలుసులు చేతిలో పెట్టి పంపేసేవారు.

ఆయన పోయాక జరిగిన సంతాపసభలో ఆ పండితుల్లో పెద్ద తలకాయ లేచి, "పనిలో చెయ్యి తిరిగినవాడే, పాపం చదువే అంతంతమాత్రం" అని జాలిపడి, రత్నాల మీద తాను రాసిన వ్యాసమంటూ చదవడం మొదలుపెట్టాడు. రెండు వాక్యాలకే కూతురు నిటారుగా కూర్చుంది. చూసి ఇస్తానని ఈయనే పట్టుకెళ్ళి, మూడేళ్ళుగా "ఎక్కడో పెట్టానమ్మా" అంటూ తనని తిప్పుకున్న నాన్న పుస్తకం అది! కాజేసినవాడికి తిరగరాసుకునే ఓపిక కూడా లేకపోయింది. ఆమె లేచి వేదిక దగ్గరికి నడిచింది.

"మేష్టారూ, ఆ కాగితం ఒక్కసారి కిటికీ వైపు ఎత్తి పట్టండి."

తన రాతని మెచ్చుకుంటుందనుకుని ఆయన గర్వంగా ఎత్తాడు. చిల్లుల్లోంచి ఎండ దూరి, సభంతా చూస్తుండగా ఆయన మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

"మీ ఇంట్లో కుంపటి ఎప్పుడు పెట్టారండీ?" అంటూ కూతురు పుస్తకం కోసం చెయ్యి చాపింది.